మందులు లేకుండా మతిమరుపును అడ్డుకోవచ్చా? మా అమ్మ విషయంలో మాకు తెలిసివచ్చినవి

మీ నాన్నగారికి 72 ఏళ్లని, ఈమధ్య అడిగిందే మళ్లీ మళ్లీ అడుగుతున్నారని, మందుల జోలికి పోకుండా ఇంట్లో ఏం చేయవచ్చో చెప్పమని రాశారు. మా అమ్మకు డిమెన్షియా, అంటే జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి క్రమంగా తగ్గిపోయే జబ్బు, అని తేలి ఆరేళ్లయింది. ఆమెను చూసుకుంటూ నేర్చుకున్నదే మీకు చెబుతున్నాను.

మందులు వద్దనుకున్నా డాక్టరుకు చూపించడం మాత్రం మానకండి. థైరాయిడ్ లోపం, బి12 విటమిన్ తగ్గడం, డిప్రెషన్ కూడా మతిమరుపుగానే బయటపడవచ్చు. వాటికి చికిత్స ఉంది.

ఆ వెంటనే చెవులు పరీక్ష చేయించండి. మేము ఆ పని ఏడాదిన్నర ఆలస్యంగా చేశాం, తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. అమ్మ పొంతన లేని జవాబు చెబితే మతి తప్పిందనుకున్నాం, నలుగురు మాట్లాడుకుంటుంటే లేచి వెళ్లిపోతే చిరాకనుకున్నాం. తీరా చూస్తే రెండు చెవులకూ వినికిడి బాగా తగ్గిపోయింది. వినికిడి యంత్రం పెట్టిన కొత్తలో దాన్ని తీసేసి, చేతిరుమాలులో చుట్టి, దిండు కింద దాచేది. రోజుకు ఒక గంటతో మొదలుపెట్టి కొంచెం కొంచెంగా పెంచితే రెండు నెలలకు అలవాటైంది. జబ్బు పోలేదు గానీ, అమ్మ మళ్లీ మా మాటల్లో కలిసింది.

చెవుల గురించి ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. డిమెన్షియాకు దారితీసేవాటిలో మనం సరిచేసుకోగలిగిన 14 కారణాలను లాన్సెట్ కమిషన్ (లాన్సెట్ అనే వైద్య పత్రిక ఏర్పాటు చేసిన నిపుణుల బృందం) 2024లో లెక్కగట్టింది. వాటన్నిటినీ తొలగించగలిగితే ప్రపంచంలో దాదాపు 45 శాతం డిమెన్షియాను నివారించడమో వాయిదా వేయడమో సాధ్యమని అంచనా. వాటిలో వినికిడి లోపానిది పెద్ద వాటా. అయితే అమెరికాలో 70 నుంచి 84 ఏళ్ల వారు 977 మందిపై మూడేళ్లు జరిపిన పరిశోధనలో, వినికిడి యంత్రాల వల్ల ఆలోచనాశక్తి తగ్గే వేగంలో, అందరినీ కలిపి చూస్తే తేడా కనిపించలేదు. డిమెన్షియా ముప్పు ఎక్కువగా ఉన్నవారిలో మాత్రం ఆ క్షీణత సుమారు సగం మేర నెమ్మదించింది. కాబట్టి ఆశ పెట్టుకోండి, అద్భుతం కోసం మాత్రం ఎదురుచూడకండి.

నడక, సరైన తిండి, మెదడుకు పని, రక్తపోటు అదుపు, ఇవన్నీ కలిసి సాగాలి. ఫిన్లాండ్‌లో 1,260 మందిపై రెండేళ్లు జరిపిన పరిశోధనలో, అలా చేసినవారి ఆలోచనాశక్తికి కొద్దిపాటి మేలు కనిపించింది. రక్తపోటుకు ఇప్పటికే వాడుతున్న మాత్రలు మాత్రం ఆపకండి. మతిమరుపు రాకుండా విటమిన్ బి, ఇ మాత్రలు వాడమని సిఫారసు చేయకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. పరీక్షలో బి12 లోపం తేలితే తప్ప, ఆ డబ్బు మిగుల్చుకోండి.

జబ్బు వచ్చాక మేము చేసిన పెద్ద తప్పు పరీక్షలు పెట్టడం. "నేనెవరో చెప్పు, ఈరోజు ఏ వారం?" అని అడిగినప్పుడల్లా అమ్మ ముఖం చిన్నబోయేది. ఏడు వారాల్లో 14 సార్లు చిన్న బృందంగా కూర్చోబెట్టి చేయించే కాగ్నిటివ్ స్టిమ్యులేషన్ థెరపీ (మాటలతో, ఆటలతో మెదడుకు పని కల్పించే పద్ధతి)లో, గుర్తుందా అని నిలదీయరు, ఏమనుకుంటున్నారని అడుగుతారు. అది తెలిసినప్పటి నుంచి నేనూ పాత ఫొటో చేతికిచ్చి, "ఈ ఇద్దరిలో ఎవరు బాగున్నారమ్మా?" అంటాను. దానికి తప్పు జవాబు ఉండదు కదా.

ఇప్పుడు మధ్యాహ్నాలు ఉతికిన తువ్వాళ్లు అమ్మ ముందు పెడతాం. అంచుకు అంచు కలిపి, అరచేత్తో మడత నొక్కి, ఒకదాని మీద ఒకటి పేరుస్తుంది. నా పేరు గుర్తురాని రోజున కూడా, వంకరగా మడిచానని నా చేతిలోది లాక్కుని సరిచేస్తుంది.