పక్క సీట్లోంచి కారు నేర్పించేటప్పుడు

మీ ప్రశ్న: తమ్ముడికి లెర్నర్ లైసెన్స్ వచ్చింది, పక్కన కూర్చుని నేర్పిస్తుంటే కంగారుపడి బ్రేక్ బదులు యాక్సిలరేటర్ తొక్కుతున్నాడు, ఏం చేయాలి?

ముందు మీ నోరు అదుపులో పెట్టుకోండి. "బ్రేక్! బ్రేక్!" అని కేక వినపడగానే కొత్తవాళ్లకి కాలు బిగుసుకుపోతుంది, అది ఏ పెడల్ మీదుంటే దాన్నే తొక్కేస్తారు. బండి ఎక్కే ముందే మాటలు ఖాయం చేసుకోండి: నెమ్మది, ఆపు, కుడి, ఎడమ. "రైట్" అనే మాట మాత్రం వద్దు. మనకి అది కుడివైపూ అవుతుంది, "సరే, పోనీ" కూడా అవుతుంది. ఏం చెప్పినా ముందే చెప్పాలి. గంటకి 40 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకి 11 మీటర్లు పోతుంది. మలుపు 50 మీటర్లలో ఉందనగా చెబితే అతని చేతిలో ఉండేది నాలుగున్నర సెకన్లు. అంతలో అద్దం చూడాలి, ఇండికేటర్ వేయాలి, గేరు దించాలి. 100 మీటర్ల ముందు చెప్పండి.

ఇక కాలు సంగతి. కుడి మడమ బ్రేక్‌కి ఎదురుగా నేలకి ఆనాలి. యాక్సిలరేటర్ కోసం పాదం ముందుభాగం మాత్రమే పక్కకి తిరగాలి, అక్కర తీరగానే బ్రేక్ మీదకి వచ్చేయాలి. ఇంజన్ ఆపి, కిందకి చూడకుండా, ఇది 50 సార్లు చేయించండి. క్లచ్ పూర్తిగా తొక్కినప్పుడు ఎడమ మోకాలు ఇంకా కాస్త వంగి ఉంటే సీటు దూరం సరిపోయినట్టే.

క్లచ్‌కి ఖాళీ మైదానం చాలు. ఫస్ట్ గేర్‌లో, యాక్సిలరేటర్ లేకుండా, ఇంజన్ శబ్దం బరువెక్కేదాకా క్లచ్ వదిలి అక్కడే రెండు మూడు సెకన్లు పట్టుకోమనండి. బండి కదలగానే "అయిపోయింది" అనుకుని మిగతాది ఒక్కసారిగా వదిలేస్తారు; ఇంజన్ ఆగిపోయేది ఎక్కువగా అక్కడే.

అసలు కష్టం కళ్లకి నేర్పడంలో ఉంది. బండి నిలిపి, అతన్ని డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి, మీరు కారు చుట్టూ నెమ్మదిగా నడవండి. అద్దాల్లోంచి ఎక్కడ మాయమయ్యారో అతను చెప్పాలి. వెనక తలుపు పక్కన మనిషికి మనిషే కనిపించని చోటు ఒకటి దొరుకుతుంది. లేన్ మారే ముందు మెడ ఎందుకు తిప్పాలో ఇక వేరే చెప్పనక్కర్లేదు. తర్వాత రోడ్డు మీద కనిపించింది పైకి చెబుతూ నడపమనండి: "ఆగిన బస్సు, ముందు నుంచి ఎవరైనా రావచ్చు. పార్క్ చేసిన కారులో మనిషి ఉన్నాడు, డోర్ తీయచ్చు." బానెట్ ముందు పది మీటర్లలోనే చూపు ఆగిపోతోందా లేదా అన్నది ఆ మాటల్లోనే తెలిసిపోతుంది. మొదటి రోజుల్లో అలాగే ఉంటుంది, విసుక్కోకండి.

ముందు పోయే బండికి మనం ఎంత దూరంలో ఉండాలో తెలియాలంటే, అది ఒక స్తంభం దాటాక "వెయ్యిన్ని ఒకటి, వెయ్యిన్ని రెండు" అని లెక్కపెట్టాలి. అది పూర్తవకముందే మనం ఆ స్తంభం చేరితే దగ్గరైపోయామన్నమాట. వానలో ఆ దూరం రెట్టింపు. వేగం రెట్టింపైతే బ్రేక్ పడ్డాక ఆగడానికి పట్టే దూరం నాలుగింతలవుతుంది. ఇది నోటితో చెబితే ఎక్కదు. ఖాళీ చోట 20లో ఒకసారి, 40లో ఒకసారి బ్రేక్ వేయించి అడుగులు కొలిపించండి. ఏబీఎస్ (బ్రేక్ వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్న బండిలో గట్టిగా తొక్కితే పెడల్ కాలి కింద దడదడలాడుతుంది. కొత్తవాళ్లు ఏదో విరిగిందనుకుని కాలు తీసేస్తారు. బండి ఆగేదాకా తొక్కే ఉంచాలని అక్కడే అలవాటు చేయించాలి.

ఒక్కో పూట 40 నిమిషాలు మించొద్దు. తప్పు జరిగితే కదిలే బండిలో చర్చ పెట్టకండి, పక్కకి ఆపించి కాగితం మీద గీసి చూపండి. రాత్రి, వాన, పెద్ద రోడ్డు ఒకే రోజు కలపొద్దు. ఒంటరిగా తీసే మొదటి వారాల్లో స్నేహితులు ఎక్కకూడదు, ఫోన్ వెనక సీట్లో ఉండాలి.