7 మిల్లీమీటర్ల కోసం 5,886 డాలర్లా?

ప్రశ్న: డెన్వర్‌లో ఉంటున్నాను, హెచ్‌1బీ మీద. నెలకు చేతికి 6,400 డాలర్లు వస్తాయి, 4,700 ఖర్చవుతాయి. బ్యాంకులో 9,000 ఉంది. క్రెడిట్ కార్డు బాకీ 2,600, వడ్డీ 24 శాతం. నా దగ్గర యెటి ఎస్‌బీ130 మౌంటెన్ బైక్ (కొండదారుల్లో తొక్కే సైకిల్) ఉంది, ముందు సస్పెన్షన్ ఫాక్స్ 36 ఫోర్కు. ట్రెస్టిల్ బైక్ పార్కులో పెద్ద జంపులకి సస్పెన్షన్ అడుక్కంటా కొట్టేస్తోంది. ట్రావెల్ (సస్పెన్షన్ దిగే దూరం) ఎక్కువుండే దీని లంచ్ రైడ్ వెర్షన్ ఒక షాపులో అమ్మకానికి మిగిలింది, 5,400 అంటున్నారు. స్టోర్ కార్డు మీద 18 నెలలు వడ్డీ లేదట. పాతది అమ్మితే 2,000 వస్తుంది. తీసుకోనా?

జవాబు: ఇప్పుడు వద్దండి.

ముందు మీరు కొనేదేమిటో చూడండి. వెనక 130 మి.మీ. బదులు 137, ముందు 150 బదులు 160. సుమారు 9 శాతం సేల్స్ ట్యాక్స్ కలిపితే బిల్లు 5,886 అవుతుంది. పాత బైక్ డబ్బులు పోను 3,886 డాలర్లు పెట్టి వెనక 7, ముందు 10 మిల్లీమీటర్లు కొంటున్నారన్నమాట. ట్రెస్టిల్ జంపులకి ఆ తేడా పెద్దగా ఆనదు. ఏడాదికి నాలుగైదు రోజులే అక్కడికి వెళ్తుంటే, ఆ రోజులకి 170 మి.మీ. బైక్ అద్దెకు తీసుకోండి.

ఇక ఆ 'వడ్డీ లేదు' సంగతి. స్టోర్ కార్డుల్లో చాలావరకు వడ్డీ మాఫీ కాదు, వాయిదా పడుతుంది అంతే. నెలకు 327 కట్టాల్సింది, లెక్క సుళువుగా ఉంటుందని 300 కట్టారనుకోండి. 18 నెలల తర్వాత 486 మిగులుతుంది. అప్పుడు కొన్న రోజు నుంచీ వడ్డీ ఒక్కసారిగా వచ్చి పడుతుంది. రేటు 30 శాతమైతే అది 1,400 పైమాటే. కాగితంలో 'డిఫర్డ్ ఇంటరెస్ట్' అనే మాట ఉందేమో వెతకండి.

మీకు బైక్ కన్నా పెద్ద సమస్య ఆ 9,000. రెండు నెలల ఖర్చుకి కూడా చాలదు. ఉద్యోగం పోతే హెచ్‌1బీకి ఉండే గడువు మహా అయితే 60 రోజులు. ఆ లోపు అద్దె, లాయరు, అవసరమైతే ఇంటికి టికెట్లు, అన్నీ అందులోంచే. నెలనెలా మిగిలే 1,700తో ముందు కార్డు బాకీ తీర్చేయండి, రెండు నెలల పని. ఇప్పుడు నెలకు 52 డాలర్లు ఒక్క వడ్డీకే పోతున్నాయి. ఆ తర్వాత బ్యాంకులో 18,800 అయ్యేదాకా, అంటే నాలుగు నెలల ఖర్చు చేరేదాకా, కొత్త బైక్ మాట ఎత్తకండి. మరో అయిదారు నెలలు పడుతుంది.

ఈలోగా చేతిలో ఉన్న బైక్‌ని సరిచేసుకోండి. హెల్మెట్, ప్యాడ్లు, నీళ్ల బ్యాగుతో సహా ఎక్కి వెనక శాగ్, అంటే మీ బరువుకి షాక్ ఎంత దిగుతోందో, కొలవండి. షాక్ స్ట్రోక్ (అది పూర్తిగా నొక్కుకునే దూరం) 52.5 మి.మీ., అందులో 30 శాతం అంటే 16కి కాస్త తక్కువ. 20 దాకా దిగుతోందంటే గాలి చాలట్లేదు. శాగ్ సరిగ్గానే ఉండి ఇంకా అడుక్కంటా కొడుతుంటే వాల్యూమ్ స్పేసర్ (షాక్ లోపల గాలికి చోటు తగ్గించి, చివర్లో గట్టిపరిచే ముక్క) ఒక సైజు పెంచి చూడండి. రోజంతటిలో అతిపెద్ద జంపుకి ఒకసారి మొత్తం ట్రావెల్ వాడితే అది లోపం కాదు, అది ఉన్నదే అందుకు. 125 గంటలో ఏడాదో దాటితే షాక్‌కి సర్వీసు కూడా బాకీ పడ్డట్టే.

ముందు 160 కావాలంటే ఫోర్కులో ఎయిర్ షాఫ్ట్ (ట్రావెల్ ఎంతో నిర్ణయించే లోపలి కడ్డీ) మారిస్తే సరి. పార్టు, కూలీ కలిపి 200 లోపు అవుతుంది. హ్యాండిల్ లేచి సీటు కొంచెం వెనక్కి వాలుతుంది కాబట్టి సీటు కాస్త ముందుకు జరపండి. వెనక మాత్రం 55 మి.మీ. స్ట్రోక్ షాక్‌ని యెటి వాళ్లు రాతపూర్వకంగా సరే అంటే తప్ప పెట్టకండి. టైరు ఫ్రేముకి తగిలితే వారంటీ కూడా పోవచ్చు.