క్రాఫ్ట్ నేలలో ఇంటి స్థలం కొనవచ్చా?

ప్రశ్న: మేము చాలా ఏళ్లుగా గ్లాస్గోలో ఉంటున్నాము. స్కాట్లాండ్ ఉత్తర కొసన ఉన్న సదర్లాండ్ తీరంలో అర ఎకరం ఇంటి స్థలం అమ్మకానికి వచ్చింది. అది ఒకప్పటి క్రాఫ్ట్‌లో (ప్రత్యేక చట్టం కిందికి వచ్చే చిన్న సాగు కమతంలో) భాగమని, ‘ప్లానింగ్ పర్మిషన్ ఇన్ ప్రిన్సిపుల్’ ఉందని ప్రకటనలో రాశారు. చోటు మా ఇద్దరికీ ఎంతో నచ్చింది. వెంటనే ఆఫర్ ఇమ్మని ఏజెంటు తొందరపెడుతున్నారు. ఇవ్వవచ్చా?
– ఒక పాఠకురాలు, గ్లాస్గో

జవాబు: ఇవ్వవచ్చు, కానీ షరతులు లేని ఆఫర్ మాత్రం ఇవ్వకండి. స్కాట్లాండ్‌లో ఆఫర్‌ను మీ తరఫున సొలిసిటర్ (న్యాయవాది) రాతపూర్వకంగా పంపుతారు. ఇరుపక్షాల సొలిసిటర్ల మధ్య నడిచే ఆ ఉత్తరాలను మిస్సివ్స్ అంటారు. అవి ఖరారైతే ఇద్దరూ ఒప్పందానికి కట్టుబడినట్టే, ఆ తరువాత వెనక్కి తగ్గితే నష్టపరిహారం చెల్లించవలసి రావచ్చు. అందువల్ల మీ సందేహాలు ముందే తీరాలి, తీరనివి షరతులుగా ఆ ఉత్తరాల్లోకి ఎక్కాలి.

అన్నిటికంటే ముందు క్రాఫ్ట్ సంగతి తేల్చుకోండి. 19వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో గొర్రెల మేత కోసం సదర్లాండ్ లోయల్లోని రైతు కుటుంబాలను ఊళ్లకు ఊళ్లే ఖాళీ చేయించారు. ఆ గాయం మానకముందే సాగిన భూపోరాటాల ఫలితంగా 1886లో వచ్చిన చట్టం క్రాఫ్టర్లకు తమ కమతాలపై భద్రత కల్పించింది. ఆ రక్షణ ఇప్పటికీ నేలను అంటిపెట్టుకునే ఉంది కనుక, క్రాఫ్టులను నియంత్రించే ఇన్వర్‌నెస్‌లోని క్రాఫ్టింగ్ కమిషన్, నేలను ఆ చట్టం నుంచి తప్పించే ‘డీక్రాఫ్టింగ్’ ఉత్తర్వు ఇస్తే తప్ప క్రాఫ్ట్ నేల మామూలు ఇంటి స్థలం కాదు. ఉత్తర్వు లేని నేలపై ఇంటి రుణం దొరకడం చాలా కష్టం. పైగా క్రాఫ్టర్ అయినవారు క్రాఫ్ట్‌కు 32 కిలోమీటర్ల లోపే నివసించాలి, నేలను సాగులో ఉంచాలి. గ్లాస్గోలో ఉంటూ ఇవి చేయలేరు. కాబట్టి ప్రకటనలోని ‘ఒకప్పటి’ అన్న మాటను నమ్మి ఊరుకోకండి. ఉత్తర్వు ప్రతిని, దానికి జతచేసిన పటాన్ని తెప్పించుకుని, అమ్ముతున్న హద్దులతో సరిపోల్చండి. స్థలంలోకి వచ్చే దారి కూడా అందులో ఉన్నదో లేదో ప్రత్యేకంగా చూడండి.

ఇక ప్రకటనలోని ‘ప్లానింగ్ పర్మిషన్ ఇన్ ప్రిన్సిపుల్’ అక్కడ ఇల్లు కట్టడానికి సూత్రప్రాయంగా అభ్యంతరం లేదని మాత్రమే చెబుతుంది. ఇంటి ఆకారం, ఎత్తు, మురుగునీటి పారుదల వంటి వివరాలకు కౌన్సిల్ ఆమోదం మళ్లీ తీసుకోవాలి, పని మొదలుపెట్టే ముందు బిల్డింగ్ వారంట్ (నిర్మాణ నిబంధనల కింద ఇచ్చే అనుమతి) వేరుగా పొందాలి. అనుమతికి గడువు ఉంటుంది గనుక నిర్ణయపత్రంపై తేదీని, షరతులను మీరే చదవండి. అది ముగియవచ్చిన స్థలానికి అనుమతి ఉన్న స్థలం ధర చెల్లించడం నాకు సబబుగా తోచదు.

ఖర్చు ఎక్కువగా నేల కిందే దాగి ఉంటుంది. మురుగుకాలువ లేని చోట సెప్టిక్ ట్యాంకు, ఇంకుడు ఏర్పాటు కావాలి. పీట్ నేల (కుళ్లిన మొక్కలతో ఏర్పడిన తడి నేల), రాతి నేల నీటిని సరిగా పీల్చవు కాబట్టి ఇంకుడు పరీక్ష చేయించకుండా ముందుకు వెళ్లవద్దు. కుళాయి నీరు లేకపోతే బోరు తవ్వాలి. కరెంటు లైను స్తంభం ఎంత దూరంలో ఉందో చూసి, కనెక్షన్ ఖర్చు అంచనాను రాతపూర్వకంగా తెచ్చుకోండి. దారి పొరుగువారి నేల మీదుగా వస్తే, ఆ దారి హక్కు ఇంటికీ, నిర్మాణ వాహనాలకూ వర్తిస్తుందో లేదో, మరమ్మతులో మీ వాటా ఎంతో సొలిసిటర్ దస్తావేజుల్లో చూసి చెప్పాలి. ఉత్తరాది భూములలో కొన్ని ఇంకా 1617లో మొదలైన సేసిన్స్ రిజిస్టర్ అనే పాత దస్తావేజుల నమోదులోనే ఉన్నాయి. అటువంటి పాత దస్తావేజుల్లో హద్దులు వాగులు, గోడల పేర్లతో ఉంటాయి గనుక కొలత వేయించడం మంచిది.

పన్ను విషయంలో పెద్దగా దిగులుపడనక్కర్లేదు. నిర్మాణం మొదలుకాని ఖాళీ స్థలాన్ని సాధారణంగా నివాసేతర ఆస్తిగా లెక్కిస్తారు, అందులో 1,50,000 పౌండ్ల వరకు బదిలీ పన్ను పడదు.

ఏజెంటు క్లోజింగ్ డేట్ (ఆఫర్లు అందవలసిన ఆఖరి గడువు) ప్రకటిస్తే పోటీ ఉన్నట్టే, అప్పుడు అమ్మేవారు షరతులను ఇష్టపడకపోవచ్చు. అయినా డీక్రాఫ్టింగ్, దారి, ఇంకుడు పరీక్ష, ఈ మూడింటినీ వదులుకోకండి. వాటిని ఒప్పుకోకపోతే ఆ స్థలాన్నే వదులుకోమని చెబుతాను.