దక్షిణచిత్రకు కెమెరాతో వెళ్తున్న మేనకోడలికి

అమ్మలూ,

ఆదివారం ఫోన్లో సగమే చెప్పగలిగాను. నువ్వు క్లాసుకు టైమైందన్నావు, నాకేమో చెప్పాల్సింది ఇంకా చాలా మిగిలిపోయింది. అందుకే కూర్చుని రాస్తున్నాను. నల్గొండలో ముప్పై ఏళ్ళు స్టూడియో నడిపిన మీ మామయ్యకు దక్షిణచిత్ర అంటే ఎందుకంత ఇష్టమో అక్కడికి వెళ్తే నీకే తెలుస్తుంది. చెన్నై దగ్గర ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద ముట్టుకాడులో 1996లో తెరిచిన మ్యూజియం అది. దక్షిణాది పల్లెల ఇళ్ళను కొన్నిటిని విప్పి తెచ్చి మళ్ళీ నిలబెట్టారు. అద్దాల పెట్టెల్లో వస్తువులు పెట్టి ఊరుకోకుండా కుండలు చేసేవాళ్ళనీ బుట్టలు అల్లేవాళ్ళనీ పిలిపించి పని చేయిస్తారు. నువ్వు వెళ్ళాల్సింది ఆ పని కోసం.

మంగళవారం సెలవు, గుర్తుంచుకో. మామూలు రోజుల్లో పొద్దున పదింటికి తెరుస్తారు. పదింటికల్లా చెన్నై ఎండ ఎలా ఉంటుందో నీకు తెలుసు. కప్పు మీద తెల్లగా మండిపోతుంది, అరుగు మీద నల్లటి నీడ. ఆ టైములో బయటి ఫొటోలు తీయకు. కెమెరా మెడలో వేసుకుని ఊరికే ఒక చుట్టు తిరిగి రా. గేటు దగ్గరే అడుగు, ఈ రోజు ఎవరెవరు పనిలో ఉన్నారని. ఎండ ముదిరాక ఇళ్ళలోకి వెళ్ళు. మిట్టమధ్యాహ్నం మండువా ఇంట్లో కప్పు లేని నడిమి నుంచి దిగే వెలుతురు గోడలకు తగిలి మెత్తబడి గదుల్లోకి వస్తుంది. స్టూడియోలో నేను తెల్లగుడ్డలు కట్టి తెప్పించుకున్న వెలుతురు అక్కడ ఉచితంగా దొరుకుతుంది. నాలుగు దాటాక బయటికి రా. ఇళ్ళ ముందువైపులన్నీ అప్పుడు తియ్యి.

ఇక మన ఇళ్ళ సంగతి. అక్కడ మన తెలుగువాళ్ళవి రెండున్నాయి. ఒకటి ఉత్తరాంధ్ర తీరంలోని చుట్టిల్లు, గుండ్రటి మట్టిగోడలు, దాదాపు నేల దాకా దిగిన తాటాకు కప్పు. తుఫానుకు ఇల్లు కొట్టుకుపోకుండా గాలి పైనుంచి జారిపోవడానికి అలా కట్టుకున్నారు. నిలబడి తీస్తే కప్పు తప్ప ఇంకేమీ కనిపించదు. నేల మీద కూర్చో. ఒక మనిషి వంగి లోపలికి వెళ్ళేదాకా ఆగి అప్పుడు నొక్కు. కప్పు ఎంత కిందికి ఉందో వంగిన ఆ నడుమే చెబుతుంది. దగ్గరికెళ్ళి వైడ్ లెన్స్ పెట్టావంటే గుండ్రటి గోడ కోడిగుడ్డులా సాగిపోతుంది, నాలుగడుగులు వెనక్కి జరుగు.

రెండోది కొయ్యలగూడెం చేనేత ఇల్లు. మన చౌటుప్పల్ పక్క ఊరే. దీని దగ్గర కాస్త ఆగాలి.

గుంట మగ్గం మీద నేసేవాళ్ళ కాళ్ళు గుంటలో ఉంటాయి, కూర్చునేది నేల మట్టానికి. నువ్వు నిలబడితే నీ కెమెరాకు దొరికేది నడినెత్తి ఒక్కటే. నువ్వూ కింద కూర్చుంటే ముఖం, చేతులు, పడుగు (మగ్గం మీద పొడవునా బిగించిన దారాలు) మూడూ ఒక వరసలో వస్తాయి. కిటికీ వైపు వీపు పెట్టి మాత్రం కూర్చోకు. నా మొదటి పాఠం ఇలాంటి మగ్గం దగ్గరే నేర్చుకున్నాను. కెమెరా కొత్త, నేత నేసే ఓ పెద్దాయన ఇంటికి వెళ్ళి నేరుగా గుమ్మంలో నిలబడ్డాను. ఆయన మగ్గం ఆపి, నా ముఖం వైపు చూడకుండా, "నీ నీడ పడుగు మీద పడుతున్నది బిడ్డా" అన్నాడు. కోపంగా అనలేదు. చిటికి (ఇక్కత్) పనిలో దారాలకు ముందే రంగు మచ్చలు వేసి నేస్తారు. పేక (అడ్డంగా వచ్చే దారం) మీద రంగు మచ్చ పడుగు మీద రంగు మచ్చతో కలవాలి. వెంట్రుకవాసి తప్పినా పువ్వు అంచు చెదిరిపోతుంది. ఆయన వెలుతురు మీద నేను నిలబడ్డానన్న సంగతి నాకు తట్టలేదు. ఆ తర్వాత ఏ ఇంటికి వెళ్ళినా ముందు వెలుతురు ఎటునుంచి వస్తోందో చూసుకుని, దాన్ని వదిలి కూర్చుంటాను. అందుకే ఫ్లాష్ వద్దంటున్నాను. పని చేసే కళ్ళ మీద అది కొట్టకూడదు.

సెట్టింగులు రాసుకో. లోపల ఐఎస్ఓ 1600 నుంచి 3200, ఎపర్చర్ ఎంత తెరుచుకుంటే అంత. చేతి వేళ్ళు స్పష్టంగా కావాలంటే షట్టర్ వేగం సెకనులో 1/125 వంతు కన్నా నెమ్మదించకూడదు. నాడె (పేక దారాన్ని మోసుకెళ్ళే కొయ్య) ఇటునుంచి అటు పోయే వేగం కనిపించాలంటే 1/30 పెట్టి, మోచేతులు మోకాళ్ళకు ఆనించి ఊపిరి బిగపట్టు. కుమ్మరి సారెకూ అదే లెక్క. చక్రం మసకగా తిరగాలి, మట్టి మీది బొటనవేలు కదలకుండా ఉండాలి. పదిలో ఒకటి వస్తుంది, టెన్షన్ పడకు. ఫోనుతో తీస్తే తెర మీద కిటికీ కనిపించే చోట వేలు పెట్టి వెలుగు తగ్గించుకో. నల్లబడిన మూలలు నల్లగానే ఉండనీ, ఆ ఇళ్ళు అలాగే ఉండేవి.

వస్తువుల దగ్గర తొందరపడకు. అరిగిన గడప, చేతులు తగిలి నునుపెక్కిన రోకలి నడుము. మనిషి లేకపోయినా మనిషి జాడ వాటి మీద ఉంటుంది. పక్కనుంచి వెలుతురు పడేలా తీస్తే ఆ అరుగుదల లోతు తెలుస్తుంది.

స్కూలు పిల్లలు బస్సుల్లో వస్తారు. విసుక్కోకు. జీన్సు వేసుకున్నవాళ్ళు ఫ్రేములోంచి పోయేదాకా గంటలు గంటలు కాచుకునేవాళ్ళను చూశాను, నాకది నచ్చదు. మొదటిసారి మట్టి ముద్ద పట్టుకున్న పిల్ల ముఖాన్ని మించిన ఫొటో ఆ రోజు నీకు దొరకకపోవచ్చు. ముందు వాళ్ళ టీచరును అడుగు.

పనివాళ్ళనైతే తప్పకుండా అడగాలి. వాళ్ళు వేషం కట్టినవాళ్ళు కారు, అది వాళ్ళ బతుకుతెరువు. ముందు పది నిమిషాలు కెమెరా బ్యాగులోనే ఉంచి పని చూడు. ఏం చేస్తున్నారో అర్థమైతేనే ఎప్పుడు నొక్కాలో తెలుస్తుంది. వాళ్ళు చేసింది ఒక చిన్న వస్తువైనా కొను, బేరం ఆడకు. తర్వాత ప్రింట్లు వేయించి తీసుకెళ్ళి ఇవ్వు. ఖర్చు నేను పంపుతాను.

ఫొటో కింద ఏం రాస్తావన్నది కూడా ముఖ్యమే. "తెలంగాణ పల్లెలో నేతన్న ఇల్లు" అని రాయకు. "కొయ్యలగూడెం చేనేత ఇల్లు, దక్షిణచిత్ర, ముట్టుకాడు" అని రాయి. కాపాడి చూపిస్తున్న ఇంటిని కాపాడిన ఇల్లని చెప్పాలి. సంక్రాంతికి వచ్చినప్పుడు నిన్ను అసలు కొయ్యలగూడెం తీసుకెళ్తాను. అక్కడ మగ్గం చప్పుడు ఇంకా వినిపిస్తుంది. ఆసు (మేకులు కొట్టిన చట్రం) మీద నూలు వరస కూర్చడం కూడా చూద్దువు. ఒక్క చీరకు వేల సార్లు చెయ్యి ఆడించాలి దానికి. ఆ అవస్థ నుంచి తల్లిని తప్పించాలని చింతకింది మల్లేశం గారు యంత్రం కనిపెట్టారు, 2017లో పద్మశ్రీ వచ్చింది ఆయనకు. ముట్టుకాడులో తీసిన ఇల్లూ, మన దగ్గర పనిలో ఉన్న ఇల్లూ పక్కపక్కన పెట్టి చూపించు మీ మేడమ్‌కి.

రెండో బ్యాటరీ, నీళ్ళ సీసా మర్చిపోకు. వచ్చాక బాగున్నవి ఏరి పంపకు, ఎడిట్ చేయకుండా తీసినవన్నీ తీసినట్టే పంపు. చెడిపోయినవాటి మీద మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
మీ మామయ్య