చీమకుర్తికి వెళ్తున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న దీవించి రాసేది.

పత్రిక ఉద్యోగం మానేసి చీమకుర్తిలో గది తీసుకుంటున్నావని, గెలాక్సీ గ్రానైట్ క్వారీల్లో దుమ్ము పీల్చే కూలీల గురించి రాయబోతున్నావని మీ నాన్న కావలి నుంచి ఫోన్ చేసి చెప్పాడు. వాడి గొంతులో భయం వినపడింది. నాకూ భయమే. కానీ మన ఇంట్లో ఇట్లాంటి పనికి పూనుకున్న మొదటి మనిషివి నువ్వే, అది తలుచుకుంటే గర్వంగా ఉంది. "వీపీఎన్ వేసుకున్నాలే, పెదనాన్నని టెన్షన్ పడొద్దని చెప్పు" అన్నావట. ఆ మాట విన్నాకే నాకు నిద్ర పట్టలేదు.

వీపీఎన్ అంటే నీ నెట్ రాకపోకల్ని తాళం వేసిన సొరంగం లాంటి దారిలో దూరంగా ఉన్న సర్వర్ మీదుగా పంపేది. డబ్బు కట్టి మంచిది తీసుకో. పాస్‌వర్డులు గట్టివి పెట్టు. అప్‌డేట్లు వాయిదా వెయ్యకు. ఇవి నీకు తెలిసినవే.

నీకు తెలియనిది నెట్ ఇచ్చే మనిషి సంగతి. అక్కడ నీ గదికి వైరు లాగేది కేబుల్ ఆపరేటర్. అతనికి నీ గది తెలుసు, ఫోన్ నంబర్ తెలుసు. క్వారీ ఆఫీసుకు నెట్ ఇచ్చేదీ అతనే కావచ్చు. ఏ సైటు తెరవాలన్నా నీ ల్యాప్‌టాప్ ముందు దాని పేరు చెప్పి ఐపీ చిరునామా, అంటే నెట్‌లో దాని అంకెల చిరునామా, అడుగుతుంది. ఆ అడిగే పద్ధతే డీఎన్ఎస్. 1983లో తయారైనప్పుడు దాన్ని రహస్యంగా ఉంచాలని ఎవరూ అనుకోలేదు. మామూలుగా ఇప్పటికీ ఆ ప్రశ్న పోర్టు 53 అనే ద్వారం గుండా బాహాటంగానే పోతుంది. వీపీఎన్ వేసినా ఆ ప్రశ్న సొరంగంలో నుంచి కాక కేబుల్ ఆపరేటర్ సర్వర్‌కు పోతే, పరదా కట్టిన ఆటోలో వచ్చి, వీధి మొదట్లో దిగి ఫలానా వాళ్ల ఇల్లెక్కడ అని గట్టిగా అడిగినట్టే. నువ్వు చదివింది, రాసింది వాళ్లకు కనపడదు. ఏ సైటు, ఏ వేళకి అన్నది కనపడుతుంది. ఒకే రాత్రి గనుల భద్రతా శాఖ, ఊపిరితిత్తుల ఆసుపత్రి, కార్మిక శాఖ, క్వారీ కంపెనీ పేర్లు వరసగా కనపడితే ఇంక చదవాల్సిందేముంది?

ఒంగోల్లో నేను ఆఫీసులకు నెట్‌వర్క్ పనులు చేసే రోజుల్లో ఒక లెక్కల ఆఫీసు ఉండేది. అందులో ఒక పిల్లాడు. నెమ్మదస్తుడు, కొత్తగా పెళ్లయింది. జీతం నెలల తరబడి ఆపేశారు. వేరే ఉద్యోగం చూసుకోవాలి, రావాల్సిన జీతం ఎట్లా రాబట్టుకోవాలో తెలుసుకోవాలి. ఇంట్లో నెట్ లేదు. మధ్యాహ్నం అందరూ భోజనానికి పోయాక ఆఫీసు కంప్యూటర్‌లో వీపీఎన్ వేసి, తన ఐపీ ఏ దేశానిదిగా కనపడుతోందో చూపించే సైటు తెరిచేవాడు. సింగపూర్ అని వచ్చేది. అది చూసి ధైర్యం తెచ్చుకునేవాడు.

అదే పొరపాటు. నువ్వూ అదే చేస్తున్నావని నా అనుమానం. ఐపీ సింగపూర్ అని చూపించినంత మాత్రాన ప్రశ్నలు కూడా సింగపూర్ మీదుగా పోతున్నట్టు కాదు. విండోస్ 8 నుంచి ఒక అలవాటు ఉంది: జవాబు త్వరగా రావాలని, ఉన్న అన్ని కనెక్షన్ల మీదా ఒకేసారి అడుగుతుంది. వీపీఎన్ దాన్ని అడ్డుకోకపోతే ఒక ప్రశ్న సొరంగంలోకి, అదే ప్రశ్న ఆఫీసు రూటర్‌కి. ఆ రూటర్ పేర్లన్నీ రాసి పెట్టుకుంటోంది.

నెట్ నెమ్మదిగా ఉందని నన్ను పిలిచారు. నేను వెళ్లేసరికే యజమాని ఆ జాబితా తెరిచి చూస్తున్నాడు. ఉద్యోగాల సైట్లు, కార్మిక శాఖ, మధ్యలో నెల్లూరులో పిల్లలు లేనివాళ్లకు వైద్యం చేసే ఆసుపత్రి పేరు. ఆ పేరు అందరి ముందూ పైకి చదివాడమ్మా. ఆ పిల్లాడు తల ఎత్తలేదు. సాయంత్రానికి ఉద్యోగం పోయింది. ఉద్యోగం ఇంకోటి దొరికింది, కానీ భార్యాభర్తల మధ్య ఉండాల్సిన సంగతి ఆఫీసంతా పాకింది, అదెవరు తిరిగి తెస్తారు? నీ విషయంలో బయటపడేది నీ సంగతి ఒక్కటే కాదు, నిన్ను నమ్మి మాట్లాడిన కూలీ సంగతి.

అందుకని ఐపీ ఒక్కటే చూసి ఊరుకోవద్దు. డీఎన్ఎస్‌లీక్‌టెస్ట్ డాట్ కామ్‌లో ఎక్స్‌టెండెడ్ టెస్ట్ నొక్కు. ఆ సైటు వాళ్లు, ఎవరూ ఎప్పుడూ అడగని కొత్త పేర్లు పుట్టించి, వాటి కోసం ఏ సర్వర్ వచ్చి అడిగిందో చూస్తారు. ముందు వీపీఎన్ లేకుండా చెయ్యి, కేబుల్ వాళ్ల పేరు ఎట్లా కనపడుతుందో తెలుస్తుంది. తర్వాత వేసి చెయ్యి. ఆ పేరు మళ్లీ వస్తే కారుతున్నట్టే. క్లౌడ్‌ఫ్లేర్ వంటి పేరు వస్తే బహుశా బ్రౌజర్‌లో సెక్యూర్ డీఎన్ఎస్ ఆన్‌లో ఉంది, అంటే ప్రశ్న తాళం వేసి వాళ్ల సర్వర్‌కు పోతోంది, కంగారు పడకు.

యాప్‌లో డీఎన్ఎస్ లీక్ ప్రొటెక్షన్, కిల్ స్విచ్ (వీపీఎన్ తెగితే నెట్ మొత్తం ఆపేసేది) రెండూ ఆన్ చెయ్యి. ఓపెన్ వీపీఎన్ ఫైలు వాడితే విండోస్‌లో బ్లాక్-అవుట్‌సైడ్-డీఎన్ఎస్ అనే వరస చేర్చు. చాలామంది కేబుల్ వాళ్ల డీఎన్ఎస్ బదులు గూగుల్ డీఎన్ఎస్ 8.8.8.8 పెట్టుకుని హాయిగా ఉంటారు. సొరంగం బయట ఆ ప్రశ్న కూడా బాహాటంగానే, అదే కేబుల్ మీదుగానే పోతుంది. ఫోన్ హాట్‌స్పాట్ మీద పనిచేసే రోజున మరీ జాగ్రత్త: మొబైల్ కంపెనీలు ఐపీవీ6 అనే కొత్త రకం చిరునామాలు ఇస్తాయి, కొన్ని వీపీఎన్‌లు పాత రకం ఐపీవీ4 మాత్రమే మోస్తాయి, మిగతాది పక్కదారిన పోతుంది. నీది ఐపీవీ6 మొయ్యకపోతే దాన్ని ఆపెయ్యి. ఆండ్రాయిడ్‌లో ఆల్వేస్-ఆన్ వీపీఎన్, దాని కింద బ్లాక్ కనెక్షన్స్ వితౌట్ వీపీఎన్, రెండూ పెట్టు.

మీ స్నేహితురాలు ప్రాక్సీ, అంటే నీ బదులు పేజీలు తెచ్చిపెట్టే మధ్యవర్తి సర్వర్, ఇచ్చిందన్నావట. ఫైర్‌ఫాక్స్‌లో సాక్స్ 5 రకం ప్రాక్సీ పెడితే, ప్రాక్సీ డీఎన్ఎస్ అనే గడిలో టిక్ ఉందో లేదో చూడు. లేకపోతే పేజీలు ప్రాక్సీ మీదుగా వస్తాయి, పేర్లు మాత్రం నీ గది నుంచే అడుగుతుంది.

ఇంకొకటి. 2022లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశం ప్రకారం వీపీఎన్ కంపెనీలు కస్టమర్ల వివరాలు ఐదేళ్లు ఉంచాలి. అందుకని కొన్ని కంపెనీలు ఇక్కడి సర్వర్లే తీసేశాయి. ఎవరిది కొంటున్నావో చదివి కొను.

వేళకి తిను, ముఖానికి గుడ్డ కట్టుకోకుండా క్వారీ దగ్గరికి పోవద్దు. గదిలో దిగిన రోజే, కూలీల్లో ఎవరికీ ఫోన్ చెయ్యకముందే, ఆ టెస్టు రెండు సార్లూ చేసి ఫోటో తీసి నాకు పంపు. ల్యాప్‌టాప్ నిద్ర నుంచి లేచాక, కొత్త వైఫైకి మారాక మళ్లీ చెయ్యి. కేబుల్ వాళ్ల పేరు కనపడితే ఆ రాత్రి ఏమీ తెరవకు, నాకు ఫోన్ చెయ్యి. ఎంత పొద్దుపోయినా ఎత్తుతాను.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న, ఒంగోలు