1947లో అమెరికాలోని టెక్సాస్ సిటీ రేవులో ఓడ పేలినప్పటి ఫోటోలు చూస్తే అప్పటి ఫైరింజన్లు ఎందుకూ పనికిరానివనిపిస్తోంది. నిజమేనా?

కాదండి. విమానంలోంచి తీసిన ఆ ఫోటోల్లో నల్లటి పొగ, కూలిన గోదాములు చూసి అందరూ పరికరాలనే తిడతారు. అసలు దోషం సరుకు మీది ఆశది. గ్రాండ్‌క్యాంప్ ఓడలో సుమారు 2,300 టన్నుల అమ్మోనియం నైట్రేట్ ఎరువు ఉంది. అది అంటుకున్నాక, నీళ్లు కొడితే సరుకు పాడవుతుందని కెప్టెన్ తలుపులు మూయించి లోపలికి ఆవిరి వదిలించాడు. గాలి ఆడకపోతే ఆరే మంట కాదది, ఆక్సిజన్ ఆ ఎరువులోనే ఉంటుంది. ఏప్రిల్ 16 ఉదయం 9:12కి పేలింది. ఊరి ఫైరింజన్లు నాలుగూ పోయాయి. పైన తిరుగుతున్న రెండు చిన్న విమానాలు కూడా కూలిపోయాయి. ఇప్పటి బండ్లు ఉన్నా అదే గతి.

ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే, నల్లగొండ దగ్గర పత్తి నుంచి గింజలు వేరుచేసే ఒక జిన్నింగ్ మిల్లులో కాటా గుమస్తాగా పనిచేశాను. ఒక ఎండాకాలం అక్కడ పత్తి అంటుకుంది. పత్తిలో వచ్చిన రాయి జిన్ను యంత్రానికి తగిలి రవ్వలు లేచాయన్నారు. పత్తి మంటను నమ్మకూడదు. పైన బుస్సుమని తగ్గిపోతుంది, బేలు, అంటే నొక్కి కట్టిన పత్తి కట్ట, లోపల రాజుకుంటూనే ఉంటుంది. ఫైరింజన్ రాగానే మా సేటు అడ్డం నిలబడ్డాడు. "బేళ్ల మీద కొట్టకుండ్రి సార్, తడిస్తె ఎవడు కొంటడు?" అని ఒకటే గోల. ఆ బతిమాలుడులోనే పక్క వరస కూడా అంటుకుంది. బండి ట్యాంకులో ఉండేది 4,500 లీటర్లు. అవి ఎంతసేపు?

పక్క చేన్లో దిగుడుబావి ఉంది, కానీ నీళ్లు 40 అడుగుల కింద, అంటే సుమారు 12 మీటర్లు. ఎంత కొత్త పంపైనా 7 మీటర్లు, మహా అయితే 8 మీటర్ల లోతు నుంచే నీళ్లు గుంజుతుంది. గట్టు మీద పెద్ద బండి ఎంత మొత్తుకున్నా లాభం లేదు. అప్పుడు స్టేషన్లో మూలకు పడేసిన పాత పంపును జీపులో తెప్పించారు. నలుగురు కలిసి మోసుకుంటూ మెట్ల మీదుగా దింపి, నీళ్లకు దగ్గరగా పెట్టి, ప్రైమింగ్ చేసి, అంటే పంపులోని గాలి పోయేలా నీళ్లు నింపి, హ్యాండిల్ తిప్పారు. కాన్వాస్ పైపు మొదట పొడవునా చెమట పట్టినట్టు కారింది. తడిసి దారాలు ఉబ్బాక కారడం దానంతటదే ఆగింది. ఇక ధార మొదలైంది. హమాలీలు కొక్కేలతో బేళ్లను లాగి, తీగలు తెంపి, ఒక్కొక్కటీ విప్పి తడిపారు. సేటు ఏడుస్తూనే ఉన్నాడు, మిగతా గోదాము మాత్రం దక్కింది.

ఆ పంపును తర్వాత పాత సామాను కింద అమ్మేశారట. వింటే కడుపు మండింది. 1944లో బొంబాయి రేవులో పత్తి బేళ్లు, పేలుడు సామగ్రి కలిపి తెచ్చిన ఫోర్ట్ స్టికీన్ ఓడ పేలి 66 మంది ఫైర్ సిబ్బంది చనిపోయారు. వాళ్ల పేరిటే ఏటా ఏప్రిల్ 14 నుంచి అగ్నిమాపక వారోత్సవాలు. మన దగ్గరేమో ఆ వారంలో బడి పిల్లల ముందు ఆకాశంలోకి నీళ్లు చిమ్మి, ఫోటోలు దిగి వెళ్తారు. ఏ మిల్లు పక్కన ఏ బావి ఉంది, అందులో మేలో నీళ్లెంత లోతున ఉంటాయి అని రాసిపెట్టినవాళ్లను నేను చూడలేదు.

పైనుంచి ఫోటోలకు అప్పట్లో విమానాలైతే ఇప్పుడు డ్రోన్లు. ఈమధ్య మిల్లు కాలితే ఫైరింజన్ కన్నా ముందు అవే వస్తున్నాయి. ఎగరేసేవాళ్ల బైకులే దారికి అడ్డం.