బండి కొనేముందు మిద్దె మీద ముగ్గు వెయ్యి

అనంతపురం
ఆదివారం

పాపా,

బండినే ఇల్లు చేసుకుని ఊళ్లు తిరగాలని నువ్వు గీసి పంపిన ప్లాను నేనూ, మీ పెద్దమ్మా రెండుసార్లు చూశాం. మంచాలు, వంటగట్టు, అల్లుడి ల్యాప్‌టాప్‌కు బల్ల, పిల్లులు ఎక్కడానికి మెట్లు, అన్నీ ముచ్చటగా గీశావు. నిన్న మీ నాయన ఫోన్ చేసి, "నువ్వన్నా చెప్పన్నా, ఇల్లూ వాకిలీ వదిలి పిల్లల్తో రోడ్ల మీద పడతారంట" అని ఒకటే గోల. నేనేం చెప్పేది? 26 ఏళ్లు లారీ తోలి, ఆ పైన మూడేళ్లు మీ పెద్దమ్మతో ట్రావెలర్ బండిలో కాపురం పెట్టిన మనిషిని. వద్దనే మొహం నాకెక్కడిది?

అయితే నీ మ్యాపు చూస్తే మాత్రం భయమేసింది. ఆరు నెలల్లో కన్యాకుమారి నుంచి లేహ్ దాకా పోయి రావాలని, రోజుకు ఇన్ని కిలోమీటర్లని గీతలు గీశావు. అది లోడు దించాల్సిన లారీ డ్రైవరు వేసే లెక్క. మేం బండి కదిలించింది వారానికి ఒక్కరోజే. మిగతా ఆరు రోజులు ఎక్కడో ఒక చెట్టుకింద నిలబడే ఉండేది. వంట, బట్టలు, నిద్ర, పోట్లాట, అన్నీ ఆ ఆరు రోజుల్లోనే. అందుకని నేను రాసేదంతా బండి నిలబడినప్పటి సంగతులే. తోలడం అల్లుడికి వచ్చు.

ముందు ఖర్చు లేని పని ఒకటి చెప్తా. బండి లోపల 13 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు అన్నావు కదా. మిద్దె మీద ఆ కొలతకు ముగ్గుపిండితో గీత గియ్యి. మంచాలు, పొయ్యి, బల్ల కూడా ముగ్గుతోనే వెయ్యి. శనివారం సాయంత్రం నుంచి ఆదివారం రాత్రి దాకా నలుగురూ ఆ గీత దాటకుండా ఉండండి. మేం ఇట్లే చేశాం. మీ పెద్దమ్మ కుక్కర్ పట్టుకుని ఇటు తిరిగింది, నా మోచెయ్యి తగిలింది, పప్పంతా మిద్దె పాలు. ఆ రోజే పొయ్యిని తలుపు పక్కకు మార్చాం. అదే బండిలో జరిగుంటే కాళ్లు కాలేవి. ముగ్గు చెరిపి మళ్లీ గీసుకోవచ్చు, ప్లైవుడ్ కోసినాక గీసుకోలేవు.

ఇక కాగితాలు. 2018లో మా బండి కట్టిన షెడ్డువాడు "ఏం కాదు సార్, అందరూ చేయిస్తున్నారు" అన్నాడు. సీట్లు పీకేశాడు, టాపు కోసి ఎత్తు పెంచాడు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద తేల్చి చెప్పింది. ఆ తర్వాత ఎఫ్‌సీకి, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కు పోతే బండిని వెనక్కి పంపారు. షెడ్డువాడు ఫోన్ ఎత్తలేదు. టాపు మళ్లీ మామూలుగా చేయించేసరికి రెండు నెలలు, చేతిలో డబ్బు రెండూ పోయాయి. మీరు ఆ తిప్పలు పడొద్దు. మోటార్ క్యారవాన్ అని వాహనాల్లో వేరే రకమే ఉంది. దానికి ఏఐఎస్ 124 అనే ప్రమాణం ఉంది. ఆ అనుమతి కాగితం చూపించగలిగినవాడి దగ్గరే బండి తీసుకోండి. ఆర్‌సీలోనూ, ఇన్సూరెన్సులోనూ క్యారవాన్ అనే రాసుండాలి. ఇంకొకటి, కర్ణాటక నంబరు బండిని మన రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంచితే ఇక్కడ మళ్లీ రిజిస్టరు చేయించాలి.

బరువు సంగతి నీ ప్లానులో ఎక్కడా లేదు. 18 ఎంఎం ప్లైవుడ్ షీటు ఒక్కటి 30 కిలోల పైనే తూగుతుంది. నువ్వు రాసిన 150 లీటర్ల నీళ్ల ట్యాంకు నిండితే 150 కిలోలు. మా బండిలో ట్యాంకూ, బ్యాటరీలూ ఒకే పక్కన పెట్టించి, ఎడమ పక్క చక్రాల మీది కమాన్ పట్టీలు (స్ప్రింగులు) కూర్చుండిపోయేలా చేసుకున్నాం. సామాను, నీళ్లు, మనుషులు అన్నీ ఎక్కినాక ఒకసారి కాటా మీదికి పోనిచ్చి, ఆర్‌సీలో ఉన్న బరువుతో సరిచూసుకోండి. దాటితే ఏదో ఒకటి దించాల్సిందే. పిల్లల పుస్తకాలు మాత్రం దించొద్దు.

ఎండ గురించి నీకు నేను చెప్పాలా? పుట్టింది ఇక్కడే కదా. కానీ బెంగళూరులో పదేళ్లుంటే మనిషి మరిచిపోతాడు. టాపు మీద 400 వాట్ల సోలార్ ప్యానెళ్లు వేస్తే ఏసీ నడుస్తుందని అల్లుడు అనుకుంటున్నాడు. లెక్క చూడు. ప్యానెళ్లు పడుకోబెట్టి ఉంటాయి, వేడికి వాటి పనీ తగ్గుతుంది, దుమ్ము సరేసరి. రోజుకు ఒకటిన్నర యూనిట్ వస్తే గొప్ప. చిన్న ఫ్రిజ్జుకు అర యూనిట్, మీ ఇద్దరి ల్యాప్‌టాప్‌లకు ఒక యూనిట్ దాకా పోతుంది. ఫ్యాన్లకే వెతుక్కోవాలి. ఏసీ రాత్రంతా నడవాలంటే ఐదారు యూనిట్లు కావాలి, అది కరెంటు ప్లగ్గు దొరికినచోటే. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు నుంచి కడప దాకా ఏ ఊళ్లోనూ బండిలో ఉండాలని అనుకోవద్దు. మేం ఆ రెండు నెలలు హార్స్లీ హిల్స్‌ వైపు పోయేవాళ్లం, 4 వేల అడుగుల ఎత్తు, రాత్రి దుప్పటి కావాలి. అట్లా పోలేకపోతే ఇంటికి రావడమే. సిగ్గుపడాల్సిందేం లేదు.

ఎండలో ఆపిన బండి తలుపులు మూసేస్తే పది నిమిషాల్లోనే లోపల పది డిగ్రీలు పెరుగుతుంది. "ఇప్పుడే వస్తా" అని పిల్లల్నిగానీ, పిల్లుల్నిగానీ లోపల పెట్టి పోవద్దు. అంగడికి ఒకరు పోతే ఒకరు బండి దగ్గర ఉండాలి. గ్యాసు గురించీ ఒక మాట. ఎల్‌పీజీ గాలికన్నా బరువు, లీకైతే కిందికి దిగి నేలమీదే నిలుస్తుంది. సిలిండరు గూటికి అడుగున బయటికి పోయే కంత ఉండాలి. చలి అని బొగ్గుల కుంపటి లోపలికి తేవొద్దు, జనరేటరు బండికి దగ్గరగా పెట్టొద్దు. ఆ పొగతో నిద్రలోనే ప్రాణాలు పోతాయి.

ఇప్పుడు పిల్లులు. మనుషులు బండికి ఒక వారంలో అలవాటు పడతారు, పిల్లికి అంతకన్నా ఎక్కువ పడుతుంది. దానికి మనిషికన్నా చోటు ముఖ్యం. మీ పెద్దమ్మ మా పిల్లి నల్లోణ్ణి ఎలా ఎక్కించిందో చెప్తా. బండి పెరట్లో నిలబెట్టి, తలుపు తీసి, అన్నం గిన్నె మొదటి మెట్టు మీద పెట్టింది. రెండు రోజులు చూసి వాడు తినేసి పారిపోయాడు. తర్వాత గిన్నె లోపలికి, ఆ తర్వాత మంచం మీదికి. వాడు పడుకునే పాత చీర కూడా అక్కడే వేసింది. పదో రోజు మధ్యాహ్నం చూస్తే లోపలే నిద్రపోతున్నాడు. అప్పుడు నేను ఇంజన్ స్టార్టు చేశాను, బండి కదిలించలేదు. వాడు బుట్టలోకి దూరాడు. ఇంకో వారం ఇట్లే. తర్వాత వీధి చివరికి, ఆ తర్వాత పది కిలోమీటర్లు. నెలన్నర పట్టింది. నీకు రెండు పిల్లులు, రెండు నెలలు పెట్టుకో. బండి నడిచేటప్పుడు ఎవరి బుట్టలో వాళ్లు, బుట్టకు బెల్టు. బయలుదేరడానికి మూడు నాలుగు గంటల ముందు నుంచి తిండి పెట్టకపోతే వాంతులు తగ్గుతాయి.

తాడిపత్రిలో ఒకసారి ఏమైందంటే, తెల్లవారుజామున బయలుదేరదామని చూస్తే నల్లోడు లేడు. కిటికీ జాలీ మూల చిరిగి ఉంది. మీ పెద్దమ్మ గిన్నె మోగిస్తూ పెన్నేటి గట్టు దాకా పోయి వచ్చింది. రెండు గంటలు. నేను విసుగొచ్చి, ఇంజన్ వేడెక్కనిద్దామని తాళం చేత్తో పట్టుకున్నా. అంతలో మీ అక్క కొడుకు నేలమీద పడుకుని బండి కిందికి చూసి "తాతా, తోక!" అన్నాడు. చాసిస్ సందులో, స్టెప్నీ మీద ముడుచుకుని కూర్చున్నాడు వాడు. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఒక పద్ధతి. లారీలో క్లీనరు బయలుదేరేముందు రాడ్డుతో టైర్లు కొట్టి చూస్తాడు చూడు, అట్లా పిల్లవాడు బండి చుట్టూ తిరిగి బానెట్ మీద రెండు దెబ్బలు కొట్టాలి, కిందికి చూడాలి, "ఇద్దరం, పిల్లి ఒకటి" అని అరవాలి. అప్పుడే తాళం తిప్పేది. మీ చిన్నదానికి ఈ ఉద్యోగం ఇవ్వు, బాగా చేస్తుంది.

రెండు పిల్లులకూ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ ముందే చేయించండి. రేబిస్, త్రీ ఇన్ వన్ టీకాలు వేయించి ఆ పుస్తకం బండి కాగితాలతో పెట్టుకో. మెడ పట్టీ మీద ఫోన్ నంబరు రాయించు. మన మండలాల్లో పశువుల ఆసుపత్రులు ఎక్కువగా బర్రెలూ, గొర్రెలూ చూసేవి. పిల్లి వైద్యానికి టౌనుకు పోవాలి. పెద్ద కష్టమైతే తిరుపతి వెటర్నరీ యూనివర్సిటీ, కడప జిల్లాలో ఉంటే ప్రొద్దుటూరు వెటర్నరీ కాలేజీ గుర్తుపెట్టుకో. నోరు తెరిచి కుక్కలా రొప్పుతుంటే వడదెబ్బ. చల్లటి నీళ్లతో పాదాలు, చెవులు తడిపి వెంటనే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి, ఐసు పెట్టొద్దు. మగపిల్లి దొడ్డికి పోయే మట్టి పెట్టెలో మాటిమాటికి కూర్చుని ఒంటికి పోసుకోలేకపోతుంటే ఒక్కరోజు కూడా ఆగొద్దు, ప్రాణం పోతుంది. ప్రయాణం టెన్షన్‌తో నీళ్లు తాగడం తగ్గిస్తే ఇలాంటివి వస్తాయి. జ్వరంగా ఉందని పారాసిటమాల్ ముక్క పెట్టేవు సుమా, పిల్లికి అది విషం.

మట్టి పెట్టె సీటు కింద పెట్టిస్తావని రాశావు, మంచి ఆలోచనే, గాలి పోయే దారి ఉండాలి. రోజుకు రెండుసార్లు తీయకపోతే 13 అడుగుల్లో మీరే ఉండలేరు. మనుషుల మురుగు సంగతి కూడా అంతే. పోర్టబుల్ టాయిలెట్ డబ్బా నలుగురికి రెండు మూడు రోజులే వస్తుంది. దాన్ని వంకలో గుమ్మరించొద్దు. బంకులో టాయిలెట్ అడుగు, డీజిల్ అక్కడే కొట్టించు, ఎవరూ కాదనరు.

రాత్రి హాల్ట్‌కు పొద్దు వాలకముందే చేరాలి. ఢాబా వద్దు, అక్కడ కుక్కలుంటాయి, పిల్లులు రాత్రంతా వణుకుతాయి. లైట్లున్న బంకు, లేదా ఊరి పెద్దమనిషిని అడిగి బడి పక్కన. ఏటి ఇసుకలో మాత్రం నిలపొద్దు, పైన వాన పడితే ఇక్కడ తెలియదు. అహోబిలం, శ్రీశైలం వైపు కోతులు కిటికీలోంచి చెయ్యి పెట్టి అరటిపండ్లు లాగేస్తాయి. నల్లమల దారిలో రాత్రి గేట్లు వేసేస్తారు, టైము చూసుకో.

పిల్లల చదువు గురించి మీ నాయనకున్నంత బెంగ నాకు లేదు. ఎన్‌ఐఓఎస్ అని జాతీయ ఓపెన్ స్కూలు ఉంది, వాళ్లు చిన్నపిల్లలకు మూడు, ఐదు, ఎనిమిది తరగతుల స్థాయిల్లో ఓపెన్ చదువు పెట్టారు. పదో తరగతి రాయాలంటే 14 ఏళ్లు నిండాలి. బడి నుంచి టీసీ తీసుకోవడం మర్చిపోకు. కరోనాకు బడులు మూసిన ఏడాది, 2020 నవంబరు నుంచి 2021 మార్చి దాకా మీ అక్క పిల్లలు మాతోనే ఉన్నారు. ఆన్‌లైన్ క్లాసులకు సిగ్నల్ దొరక్క సగం పోయేవి. ఆ సగంలో పెన్నేరు వెంట పోయాం. పామిడి దగ్గర వంతెన మీంచి చూస్తే ఏరంతా ఇసుకే. "ఇదేం నది తాతా" అన్నాడు పెద్దోడు. గండికోటలో అంచున కూర్చోబెట్టి కింద లోయ చూపించా. ఇదీ అదే ఏరు రా అంటే నమ్మలేదు. మైలవరం డ్యాం దాకా పోయి నీళ్లలో చెయ్యి పెట్టాక నమ్మాడు. కర్ణాటకలోని నంది కొండల్లో పుట్టి నెల్లూరు దాటి సముద్రంలో కలుస్తుందని ఇప్పుడు వాడు నిద్రలో లేపినా చెప్తాడు. అయితే ఐదో నెలకు ఇద్దరూ తోటిపిల్లల కోసం ఏడ్చారు, అదీ నిజమే. ఒక ఊళ్లో కనీసం పదిరోజులుంటే స్నేహాలు కుదురుతాయి. ఒక్కొక్కరికి తెర వేసుకోగల సొంత పడక ఇవ్వు. బండి నడుస్తున్నప్పుడు మాత్రం ఇద్దరూ సీట్లో, బెల్టు పెట్టుకుని. నడిచే బండిలో మంచం మీద పడుకోబెట్టొద్దు.

ఫ్లాటు అమ్ముతామని రాశావు. అమ్మొద్దు. 11 నెలల అగ్రిమెంటుకు అద్దెకివ్వండి. ఆధార్, బ్యాంకు, ఓటు అన్నిటికీ ఒక అడ్రసు కావాలి, పిల్లలకు టైఫాయిడ్ వస్తే పడుకోబెట్టే గదీ కావాలి. ముందు బండి అద్దెకు తీసుకుని పదిహేను రోజులు, తర్వాత మూడు నెలలు ఉండి చూడండి. మూడు నెలల్లో కనీసం ఒక్కసారైనా మొగుడూ పెళ్లాలు "ఇక చాలు" అనుకుంటారు. అనుకున్న మర్నాడు పొద్దున ఏమనిపిస్తుందో చూసుకోండి.

దసరాకు వస్తామన్నారు కదా. పిల్లుల బుట్టలు రెండూ తెచ్చుకోండి. మా పాత బండి ఇంకా పెరట్లోనే ఉంది, నాలుగు రోజులు వాటిని అందులో తిరగనిద్దాం. నల్లోడు ముసలోడయ్యాడు, కొట్లాడడు. ఉగ్గానికి బొరుగులు తెచ్చిపెడతానంటోంది మీ పెద్దమ్మ. బండిలో చేసుకోవడానికి అంతకన్నా సులువైన టిఫిన్ లేదు, నీకూ నేర్పుతుంది. ప్లాను కాగితంతో పాటు పెన్సిలూ, రబ్బరూ తెచ్చుకో.

మీ పెదనాయన